నీళ్లు లేని స్నానం: సౌండ్ బాత్ గురించి పాఠకులు అడిగినవి

గత సంచికలో నిద్ర పట్టకపోవడం గురించి రాస్తూ సౌండ్ బాత్ అన్న మాటను ఒకే ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. అసలు వ్యాసం మీద వచ్చిన ఉత్తరాల కంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువ కావడంతో, ఈసారి శీర్షికనంతా వాటికే కేటాయిస్తున్నాను. నేను వైద్యుణ్ని కాను. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ని, ఇప్పటికి నాలుగు సార్లు సౌండ్ బాత్‌కు వెళ్లి పడుకుని వచ్చినవాణ్ని. నా జవాబులను ఆ మేరకే తీసుకోవాలని మనవి.

ప్రశ్న: మా పక్కింటి అక్క వచ్చే ఆదివారం మన ఊళ్లోనే సౌండ్ బాత్ ఉందని, తనతో రమ్మని అడుగుతోంది. స్నానమంటే నీళ్లలో దిగాలా, బట్టలు మార్చుకోవాలా, మగవాళ్లు కూడా ఉంటారా అని అడిగితే తనకూ సరిగా తెలియదంటోంది. అక్కడ అసలు ఏం చేస్తారు? నేనేం తీసుకెళ్లాలి?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: ఒంటి మీద నీటి చుక్క పడదమ్మా. కట్టుకున్న బట్టలతోనే చాప మీద వెల్లకిలా పడుకుని, ముందు కూర్చున్నవారు మోగించే గిన్నెల నాదాన్ని గంటసేపు వినడమే ఈ స్నానం. శబ్దంలో మునిగి ఉండడమన్న అర్థంలో పాశ్చాత్యులు పెట్టుకున్న పేరు మన దగ్గరికి అలాగే వచ్చింది. సాధారణంగా 45 నిమిషాల నుంచి గంటన్నర వరకు సాగుతుంది. ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే గదిలో పడుకుంటారు కాబట్టి, అది మీకు ఇబ్బందిగా ఉంటుందనుకుంటే స్త్రీలకు విడిగా పెట్టే రోజు ఉందేమో ముందే కనుక్కోండి, లేదా మీ అక్కగారికి, గోడకు మధ్య మీ చాప పరుచుకోండి.

గదిలో అడుగు పెట్టగానే ముందు వైపు ఒక గుడ్డ మీద వరుసగా పేర్చిన గిన్నెలు కనిపిస్తాయి. గోధుమ, పసుపు కలిసిన రంగులో ఉండేవి లోహపు గిన్నెలు. ఇసుకతో రుద్దిన గాజులాగా తెల్లగా, మసకగా, బిందెల వెడల్పున ఉండేవి క్వార్ట్జ్ అనే స్ఫటికంతో చేసిన క్రిస్టల్ బౌల్స్. చట్రానికి వేలాడదీసిన పెద్ద కంచు పళ్లెం పేరు గాంగ్. గుళ్లో జేగంట చూసినవారికి దాని రూపం కొత్తేమీ కాదు, కాకపోతే జేగంటకు పెద్దన్న అనుకోవాలి. చిన్న గంటలు, గాలికి మోగే గొట్టాలు, లోపల గింజలు జారుతూ వాన కురిసినట్టు వినిపించే బొంగు కర్ర కూడా కొందరి దగ్గర ఉంటాయి.

అందరూ సర్దుకున్నాక నిర్వాహకులు రెండు మూడు నిమిషాలు మాట్లాడి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలమంటారు, తరువాత లైట్లు తగ్గిస్తారు. మొదట ఒక్క గిన్నె మోగుతుంది. తోలు చుట్టిన కర్రతో దాని అంచును మెత్తగా తట్టినప్పుడు వచ్చే నాదం సన్నబడుతూ సన్నబడుతూ ఉండగానే రెండో గిన్నె అందుకుంటుంది. ఇంకో పద్ధతిలో కర్రను అంచు వెంబడి ఒత్తి తిప్పుతారు, అప్పుడు గిన్నె గొంతు విప్పి పాడినట్టే ఉంటుంది. సగం దాటాక గాంగ్ వస్తుంది. అది తుమ్మెద రొదలాగా మొదలై అలలు అలలుగా పెరుగుతూ గది మొత్తాన్ని నింపేస్తుంది, మొదటిసారి విన్నవారు ఉలిక్కిపడేది ఇక్కడే. తరువాత శబ్దాలు ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గి అయిదు నిమిషాలు పూర్తి నిశ్శబ్దం మిగులుతుంది. చివరికి చిన్న గంట మోగించి, వేళ్లు కదపమని, కుడి పక్కకు ఒత్తిగిలి మెల్లగా లేవమని చెబుతారు. మీరు చేయవలసిందల్లా పడుకోవడమే. కళ్లు తెరిచి చూడాలనిపిస్తే చూడవచ్చు, మధ్యలో లేచి బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తీసుకెళ్లవలసిన వాటిలో యోగా మ్యాట్ కంటే దిండ్లు, దుప్పటి ముఖ్యమని అనుభవం మీద చెబుతున్నాను. మొదటిసారి నేను పలుచని మ్యాట్ ఒక్కటే పట్టుకుని వెళ్లి, గచ్చు నేల మీద ఇరవై నిమిషాలు గడిచేసరికి నడుము పట్టేసి, తలపైన ఫ్యాను ఎన్ని తిరుగుళ్లకు ఒకసారి కిర్రుమంటుందో లెక్కపెడుతూ గడిపాను. ఇంట్లో ఉన్న బొంత ఒకటి మడిచి కింద పరుచుకోండి, తల కింద ఒక దిండు, మోకాళ్ల కింద మరొకటి పెట్టుకోండి, కప్పుకోవడానికి దుప్పటి ఉంచుకోండి. కదలకుండా పడుకున్న శరీరం చల్లబడుతుంది గనుక మే నెలలో కూడా దుప్పటి కావాలనిపిస్తుంది. భోజనం రెండు గంటల ముందే ముగించండి. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, అది నేల మీద గుర్రుమని వణికితే పది చాపల దాకా తెలుస్తుంది, పూర్తిగా ఆపేయండి. ఇంకొక చిన్న మాట: మట్టి గాజులు, మువ్వల పట్టీలు ఆ గంటసేపు తీసి సంచిలో పెట్టుకుంటే మంచిది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెయ్యి కాస్త కదిపితే గాజుల గలగల మీకే పెద్దగా వినిపించి, ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి జంకుతారు.

మన ఊళ్లలో దీనికి వేరుగా కట్టిన గదులు లేవన్నది గుర్తుంచుకోండి. నేను వెళ్లిన రెండోసారి అది ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో జరిగింది. గాంగ్ అలలు తారస్థాయికి చేరుతున్న సమయానికి సరిగ్గా కింద రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు డీజేతో సహా వచ్చి నిలిచింది. ఒక మూల ఎవరో కిసుక్కుమన్నారు, మరుక్షణం పాతిక మంది చాపల మీదే పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. వాయిస్తున్నామె కర్ర పక్కన పెట్టి, ఊరేగింపు క్లాక్ టవర్ వైపు మళ్లేదాకా ఓపిగ్గా కూర్చుని, మళ్లీ మొదటి గిన్నె దగ్గరి నుంచి ప్రారంభించింది. నాలుగు సార్లలోనూ నేను బాగా తేలికపడ్డది ఆ రోజే, అందులో గిన్నెల వాటా ఎంతో, నవ్వు వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

లేచాక కొంతసేపు మత్తుగా, నిద్రలోంచి లేచినట్టు ఉంటుంది. నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చుని, ఆ తరువాతే స్కూటీ తాళం చేతిలోకి తీసుకోండి.

ప్రశ్న: నేను పాలమూరులో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఒక సౌండ్ బాత్ కరపత్రంలో, శరీరంలో 70 శాతం నీరే ఉంటుంది గనుక శబ్దం ప్రతి కణంలోకీ చేరుతుందనీ, 432 హెర్ట్జ్‌ల స్వరంతో జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, మూడు సార్లు వస్తే ఆందోళన మాయమవుతుందనీ రాశారు. సార్, మీరు ఫిజిక్స్ చెప్పినవారు కదా, ఇందులో ఎంత నిజం?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: శరీరంలో నీరు సుమారు 60 శాతం, ఆ లెక్క దగ్గర పేచీ పెట్టుకోవద్దు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు, గాలిలో సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుందన్నదీ నిజమే. చిక్కంతా గాలి నుంచి నీటిలోకి దాటే సరిహద్దు దగ్గరే ఉంది. నీవు వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నవాడివైతే ఈ పాఠం నీకు ముందే తెలుసు. తల నీటిపైన ఉన్నంతసేపు గట్టు మీద స్నేహితుల కేకలు చెవులు చిల్లులు పడేలా వినిపిస్తాయి, ఒక్క మునక వేయగానే అవే కేకలు ఎక్కడో పక్క ఊళ్లో వేసినట్టు అయిపోతాయి. గాలిలో వచ్చిన శబ్దశక్తిలో దాదాపు వెయ్యింట ఒక వంతు మాత్రమే నీటిలోకి దాటి, మిగిలినదంతా ఉపరితలం నుంచే వెనక్కి మళ్లడం దీనికి కారణం. నీటితో నిండిన నీ శరీరం మీద పడిన శబ్దానికీ చాలావరకు అదే గతి. అందుచేత నీటి వాదం కరపత్రానికి పనికివచ్చేదే గాని పరీక్షలో రాస్తే మార్కులు పడవు.

అలాగని ఒంటికి ఏమీ తెలియదని కాదు. గాంగ్ మంద్రస్థాయి కంపనాలు నేల గుండా వీపుకు, నేరుగా ఛాతీకి స్పష్టంగా తెలుస్తాయి, బోనాల్లో డప్పు దగ్గర నిలబడినవారికి ఆ అనుభవం పరిచితమే. గిన్నెల నాదంలో ఉండే ఊగుడుకు మాత్రం చక్కని కారణం ఉంది. ఒక గిన్నె సెకనుకు 200 సార్లు, పక్క గిన్నె 203 సార్లు కంపిస్తూ ఉంటే, ఆ రెండు నాదాలు కలిసి సెకనుకు మూడు సార్లు ఉబ్బి తగ్గే ఒకే నాదంగా వినిపిస్తాయి. వీటిని మనం తరగతిలో విస్పందనాలు అంటాం. ఏ గిన్నె కూడా నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండదు కాబట్టి ఒక్క గిన్నెలోనే ఇలాంటి జంట కంపనాలు పుట్టి, అది ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వినిపిస్తుంది. మాటలు లేని, తాళం లేని, తరువాత ఏమొస్తుందో ఊహించే పని పెట్టని ఆ ఊగుడును వెంబడించడం మనసుకు తేలిక. నా ఉద్దేశంలో సౌండ్ బాత్ పనిచేసేది ఇంతవరకే, అది తక్కువేమీ కాదు.

432 సంగతి చూద్దాం. సంగీత వాద్యాలను శ్రుతి చేయడానికి 440 హెర్ట్జ్‌లను అంతర్జాతీయ ప్రామాణికంగా 1955లో సిఫారసు చేశారు. దానికి బదులు 432 ప్రకృతి సిద్ధమైనదని ప్రచారం చేసేవారు ఒక సంగతి మరిచిపోతారు: హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని సార్లు అని లెక్క, సెకను మనుషులు పెట్టుకున్న కొలత, ప్రకృతికి దానితో ఏ ఒప్పందమూ లేదు. పైగా ఏ గిన్నె కూడా ఒకే స్వరంలో మోగదు, మూల స్వరంతోపాటు ఇంకా అనేక స్వరాలు అందులో కలిసే ఉంటాయి. జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు.

ఆందోళన విషయంలో కొంత ఆధారం ఉంది, అది ఎంత చిన్నదో కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో 62 మంది మీద చేసి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో, గిన్నెల నాదం విన్న తరువాత వారిలో ఉద్రిక్తత, కోపం, అలసట, దిగులు తగ్గినట్టు నమోదైంది. అయితే అదే గంటసేపు ఏ నాదమూ లేకుండా ఊరికే పడుకున్న మరో బృందంతో పోల్చి చూడలేదు, కాబట్టి ఆ ఫలితం గిన్నెలదో, పడకదో ఆ పరిశీలన తేల్చలేదు. పరీక్షల ముందు మనసు కుదురుకోవడానికి ఒకసారి వెళ్లి రావాలనుకుంటే వెళ్లిరా. మూడు సార్లకు ముందే డబ్బు కట్టించుకునే చోట మాత్రం కట్టవద్దు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చదువు మీద కూర్చోలేకపోయినా గిన్నెల దగ్గరికి కాదు, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, దానికి రుసుము లేదు.

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తున్నాను. రెండేళ్ల నుంచి రాత్రి పడుకుంటే చెవుల్లో ఈల వేసినట్టు ఒకటే హోరు. సౌండ్ బాత్‌తో ఇది పోతుందని మా బావమరిది అంటున్నాడు. వెళ్లమంటారా?
– ఒక కార్మికుడు, మిర్యాలగూడ

జవాబు: ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకోండి, బావమరిది గారి సలహా సంగతి ఆ తరువాత. ఏళ్ల తరబడి మిల్లు మోతలో పనిచేసినవారికి చెవి లోపలి సున్నితమైన రోమ కణాలు దెబ్బతిని ఇలాంటి హోరు పుట్టడం చాలా మామూలు, ఆ కణాలు తిరిగి పెరగవు, అందుచేత ఏ శబ్దమూ దాన్ని నయం చేయదు. గిన్నెల మెత్తని నాదం వినిపిస్తున్నంతసేపు హోరు మరుగున పడి హాయిగా అనిపించవచ్చు, అది దాచడమే గాని తీసేయడం కాదు.

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు, పెద్ద శబ్దాల లెక్క ఇలా ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు ఉండవచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగానికి పడిపోతుంది, అంటే 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. గాంగ్‌ను గట్టిగా మోగిస్తే దగ్గర పడుకున్నవారి చెవికి ఈ హద్దులు దాటడం కష్టమేమీ కాదు. మీలాంటివారు వెళ్లాలనుకుంటే గాంగ్ లేని కార్యక్రమాన్ని ఎంచుకోవాలి, లేదా అందరికంటే వెనక, తలుపు దగ్గర చోటు తీసుకోవాలి, జేబులో చెవి బిరడాలు ఉంచుకోవాలి, హోరు ఎక్కువవుతున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా లేచి వచ్చేయాలి. ఆ బిరడాలు మిల్లులో రోజూ పెట్టుకుంటే మరీ మంచిది. ఇంకొకటి, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే రేపు చూద్దామనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అత్తమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుము, మెడ బిగుసుకుపోయి వెల్లకిలా పడుకోలేదు, కింద కూర్చుంటే లేవలేదు. నాదం వల్ల ఎముకల్లోని ఫ్లోరైడ్ కరుగుతుందని ఒకరు చెప్పగా విని, తనను కూడా తీసుకుపొమ్మంటోంది. ఏం చేయాలి?
– ఒక కోడలు, మర్రిగూడ

జవాబు: ఆ మాట చెప్పినవారు మళ్లీ కనిపిస్తే, ఫ్లోరైడ్ పీడ ఉన్న మన నల్లగొండ జిల్లాలో ఇలాంటి మాట నోట రావడానికి ముందు ఒక్కసారి మీ గడప దాకా వచ్చి మీ అత్తమ్మను చూసి పొమ్మనండి. ఏళ్ల తరబడి నీటితో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలో భాగమైపోతుంది, అది డబ్బాలో అడుగున పేరుకున్న ఉప్పు కాదు, తట్టితే రాలడానికి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును పాటిస్తూ, ఇకముందు లోపలికి పోయేదాన్ని ఆపడం, నొప్పికి వైద్యం చేయించడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

అయితే ఆమె వెళ్లాలనుకుంటే అడ్డుపడకండి. ఇల్లు కదలని మనిషికి నలుగురి మధ్య గంటసేపు కూర్చుని రావడమే మేలు చేయవచ్చు. నిర్వాహకులతో ముందుగా మాట్లాడి, చేతులున్న కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయించండి. వీపు వెనక దిండు, పాదాల కింద చిన్న పీట, ఒళ్లో దుప్పటి ఉంటే చాలు. మెడ వెనక్కి వాలకుండా తువ్వాలు చుట్టి ఆనుడు పెట్టండి. గంటసేపు ఒకే భంగిమలో ఉంచకుండా మధ్యలో ఒకటి రెండుసార్లు లేపి నిలబెట్టేందుకు మీరు పక్కనే కూర్చోండి. పై అంతస్తు అయితే లిఫ్ట్ ఉందో లేదో అడగడం మరవకండి. కొందరు గిన్నెలను నేరుగా నడుము మీద, వెన్ను మీద పెట్టి మోగిస్తారు, బిగుసుకున్న వెన్నుకు అది వద్దని ముందే గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో నెల. కాన్పుకు మా ఇంటికి వచ్చింది. సౌండ్ బాత్‌కు తీసుకెళ్లవచ్చా?
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: ఆమెను చూస్తున్న డాక్టరమ్మ సరేనంటే తీసుకెళ్లవచ్చు. మొదటి మూడు నెలల్లో చాలామంది నిర్వాహకులు ముందుజాగ్రత్తగా రానివ్వరు, మీ అమ్మాయి ఆ దశ దాటింది. ఇప్పుడు చూసుకోవలసింది పడుకునే తీరు: నెలలు నిండుతున్న కొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భం బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరగవచ్చు. కాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమనండి, గాంగ్‌కు దూరంగా ఉండమనండి, పొట్ట మీద గిన్నె పెట్టనివ్వవద్దు. సందర్భం వచ్చింది గనుక ఇక్కడే చెబుతున్నాను: పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు కూడా వైద్యుణ్ని అడిగే వెళ్లాలి, నిర్వాహకులకు ఆ సంగతి చెప్పాలి. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా డబ్బు తీసుకుని లోపలికి పంపే చోటికి వెళ్లకపోవడమే మంచిది.

ప్రశ్న: మేము ఐదు పూటలా నమాజు చేసే కుటుంబం. నా భార్యకు తలనొప్పులు ఎక్కువ, ఆమె స్నేహితురాళ్లు సౌండ్ బాత్‌కు పిలుస్తున్నారు. అది పూజలాంటిదా? వెళ్తే తప్పవుతుందా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: గిన్నె మోగించడం దానికదే పూజ కాదు. ఈ గిన్నెలు హిమాలయ ప్రాంతం నుంచి వచ్చిన మాట నిజమే గాని, వేల ఏళ్లుగా టిబెట్ భిక్షువులు వీటితో రోగాలు నయం చేశారన్న కథకు గట్టి ఆధారాలు లేవు. వీటిని ఇలా విశ్రాంతి కోసం వాయించడం 1970ల తరువాత పాశ్చాత్య దేశాల్లో వ్యాపించింది. తెల్లని క్రిస్టల్ బౌల్స్ పుట్టుక ఇంకా చిత్రం: కంప్యూటర్ చిప్‌లకు కావలసిన సిలికాన్‌ను కరిగించే మూసలు అలాంటి క్వార్ట్జ్‌తోనే తయారవుతాయి, వాటి నాదం బాగుందని గమనించినవారు సంగీతానికి వాడుకున్నారు. అయితే కొందరు నిర్వాహకులు మధ్యలో మంత్రాలు చదువుతారు, చక్రాల పేర్లు చెబుతారు, ధూపం వేస్తారు. అవి ఉంటాయా అని ఫోన్ చేసి అడిగి, మీ మనసు ఒప్పితేనే పంపండి, తప్పొప్పుల నిర్ణయం మీదే. ఆమెది మైగ్రేన్ తలనొప్పి అయితే మాత్రం ఆలోచించాలి. నొప్పి ఉన్న రోజున గాంగ్ మోతా, ధూపం వాసనా రెండూ దాన్ని పెంచుతాయి.

ప్రశ్న: మా వారూ నేనూ పోయిన నెల వెళ్లాం. పక్కన ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది, ఇంకొకరు రంగులు కనిపించాయన్నారు. నాకు పొట్టలో గుడగుడ తప్ప ఏమీ కాలేదు. మా వారు గురక పెట్టి నిద్రపోయి నన్ను సిగ్గుతో చంపేశారు. మాలో ఏమైనా లోపమా?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: ఏ లోపమూ లేదు. ఒంట్లో ఉద్రిక్తత తగ్గి అరుగుదల పుంజుకున్నప్పుడు కూడా ఆ గుడగుడ రావచ్చు, అంటే మీరు అనుకున్నదానికంటే ఎక్కువే విశ్రాంతి పొంది ఉండవచ్చు. కళ్లు మూసుకుని గంటసేపు ఉంటే కొందరికి రంగులు మెదలడం, దాచుకున్న దుఃఖం బయటపడడం సహజం, కొందరికి ఊరికే విసుగు పుడుతుంది. అందరికీ ఒకే అనుభవం కావాలనడం, అందరికీ ఒకే కల రావాలనడం లాంటిది. ఏడుపు ఆగకపోయినా, గుండె దడ పట్టినా కళ్లు తెరిచి లేచి కూర్చోవడం, కాళ్లు నేలకు ఆనించి చుట్టూ ఉన్న వస్తువులను చూడడం మేలు చేస్తుంది. మీ వారి గురక సంగతికొస్తే, ఈసారి ఆయన్ను పక్కకు ఒత్తిగిలి పడుకోమనండి. నేను వెళ్లిన ప్రతిసారీ ఒక గురక తప్పకుండా వినిపించింది, అందులో ఒకసారి అది నాదేనని తరువాత తెలిసింది.

ప్రశ్న: మా మండలంలో ఇలాంటివి జరగవు, పట్నం పోయే ఖర్చు భరించలేను. ఇంట్లోనే ఏదైనా చేసుకునే వీలుందా? మా నాయనమ్మ నాటి కంచు గిన్నె ఒకటి ఉంది.
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీ దగ్గర ఉన్నది సరిగ్గా కావలసిన వస్తువే. హిమాలయ గిన్నెల్లో ఏడు లోహాలు ఉంటాయని చెప్పి అమ్ముతారు గాని, పరీక్షించి చూస్తే అవి ప్రధానంగా రాగి, తగరం కలిసిన కంచే. దాదాపు 78 పాళ్ల రాగికి 22 పాళ్ల తగరం కలిపితే వచ్చే ఈ కంచునే గంటలు పోయడానికి వాడతారు. స్టీలు గిన్నెను తట్టి, వెంటనే కంచు గిన్నెను తట్టి చూడండి, స్టీలు టక్కున పలికి ఊరుకుంటుంది, కంచు మీరు చెవి పక్కకు తీసేదాకా పలుకుతూనే ఉంటుంది. కంచు లోపల కంపనాల శక్తి వేడిగా మారి వృథా కావడం చాలా తక్కువ, అదే రహస్యం.

అరచేతిని చదునుగా చాపి, వేళ్లు గిన్నె గోడకు తగలకుండా దాన్ని మధ్యలో నిలపండి, వేలు తగిలితే నాదం ఆ క్షణమే చచ్చిపోతుంది. చేతిలో నిలవకపోతే మడిచిన తువ్వాలు మీద పెట్టండి. చెక్క గరిటె కాడకు పాత నూలు గుడ్డ రెండు చుట్లు చుట్టి, అంచుకు కొంచెం కింద మెత్తగా ఒక్క దెబ్బ వేయండి. కళ్లు మూసుకుని ఆ నాదం ఎక్కడ ముగిసిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి, పూర్తిగా వినిపించకుండా పోయాకే రెండో దెబ్బ వేయండి. పదిసార్లు ఇలా చేసేసరికి సమయం ఎలా గడిచిందో తెలియదు. తెల్లవారుజామున కోళ్లు కూయకముందు, లేదా రాత్రి వీధి సద్దుమణిగాక అయితే బాగుంటుంది. పిల్లలు పక్కన చేరితే గిన్నెలో అంచు దాకా నీళ్లు పోసి తట్టి చూపించండి, గోడ వెంబడి నీటి మీద సన్నని ముడతలు లేస్తాయి. అంచు వెంబడి కర్ర ఒత్తి తిప్పడం మాత్రం వంటింటి గిన్నెకు అంత సులభంగా కుదరదు, దాని గోడ పలుచన, ఆకారం వేరు. అందుకోసం కొత్త గిన్నె కొనవలసిన అవసరం లేదు, తట్టడంతోనే సరిపెట్టుకోండి.

అయిపోయాక పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి పెట్టండి. తడి ఆరకుండా వదిలేస్తే చిలుము పడుతుంది, చిలుము పట్టిన కంచును మళ్లీ చింతపండుతో తోమవలసి వస్తుంది.